‘నాన్న అంది’: ఒక నాటిక, ఒక గొంతు, పది వారాల డైరీ

నిడివి 55 నిమిషాలు. నలుగురు నటులు, వేదిక మీద కనిపించని ఒక గొంతు. కథ చిన్నదే. రిటైరైన పోస్ట్‌మాస్టరు ఒకాయన చనిపోతాడు. వాట్సాప్‌లో ఆయన వదిలిపోయిన వాయిస్ మెసేజీలన్నీ పోగేసి కూతురు ఒక ఏఐ గొంతు చేయిస్తుంది. నెలనెలా చందా. ఆయన పడక కుర్చీ పక్కన స్టూలు మీద చిన్న డబ్బా, అందులోంచి మాట. తల్లి ఆ డబ్బాతో మాట్లాడదు. అల్లుడు చందా లెక్క అడుగుతాడు. నలభై ఏళ్లు ఆయనతో చదరంగం ఆడిన స్నేహితుడు మాత్రం రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటాడు. మాట్లాడుతున్నది ఎవరు, దాన్ని ఏమని పిలవాలి అన్నదే నాటిక.

కృత్రిమ మేధ అనగానే నీలం లైటు, వెండి రంగు బట్టలు, ముక్కలు ముక్కలుగా పలికే గొంతు గుర్తొస్తాయి. వాటిలో ఒక్కటీ వాడకూడదని మొదటి రోజే రాసుకున్నాం. రోబో అన్న మాట పుట్టిందే నాటకంలో. కారెల్ చాపెక్ 1920లో చెక్ భాషలో రాసిన ఆ నాటకంలో రోబోలు రేకు డబ్బాలు కావు, చూస్తే మనుషుల్లాగే ఉంటాయి. నూరేళ్ల కిందటి నాటకానికే రేకు అక్కర్లేకపోయింది, మనకెందుకు?

1వ వారం: రీడింగు

మొదటి ప్రతిలో చనిపోయింది నాన్న కాదు, అమ్మ. మూడుసార్లు చదివాక తెలిసింది, అమ్మ అయితే ఈ నాటిక తెలుగులో నిలబడదని. మన క్రియల్లో ఆడమనిషికీ వస్తువుకీ ఏకవచనంలో ముగింపు ఒకటే. ‘అమ్మ అంది’, ‘ఫోను అంది’. కూతురు అమ్మని మనిషిగా అనుకుంటోందో యంత్రంగా అనుకుంటోందో మాటలో తేడా పడదు. ఆ మలుపు నటి ముఖం మీద చూపించాలి, పదో వరస దాటితే ముఖం కనపడదు.

నాన్న అయితే లెక్క మారుతుంది. నలభై నిమిషాలు ‘నాన్న ఇలా అన్నారు, నాన్న అలా అన్నారు’ అంటూ వచ్చిన పిల్ల, అయిదో రంగంలో కూరగాయలు తరుగుతూ, తల ఎత్తకుండా, ‘పొద్దున కూడా ఇదే అంది నాన్న’ అంటే చివరి వరసలో నిద్రపోతున్నవాడికి కూడా చెవిలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. వ్యాకరణం తప్పిందని అందరికీ తెలుస్తుంది, ఆమెకి తప్ప. నాటిక పేరు అక్కడే దొరికింది.

ఇంకో సంగతి కూడా ఆ రోజే పట్టుబడింది. ‘నేను వచ్చాను’, ‘నేను తిన్నాను’ అన్నప్పుడు ఆడా మగా వస్తువూ ఏదీ తెలియదు. అంటే గొంతు తన గురించి ఎంతసేపు చెప్పుకున్నా బయటపడదు. పక్కవాళ్లు దాని గురించి చెప్పినప్పుడే బయటపడుతుంది. అందుకని ‘నేను నిజంగా ఎవరిని’ అంటూ డబ్బా చేత చెప్పించిన రెండు పేజీల స్వగతం తీసి పారేశాం. చదవడానికి బాగుండేది. ఆడటానికి బరువు.

స్క్రిప్టులో గొంతుని మూడో మనిషిగా చెప్పిన చోట్లు 38. ఒక్కొక్కటీ రంగు పెన్నుతో గుర్తు పెట్టాం. తల్లి మొదటి నుంచీ ‘అది అంది’. స్నేహితుడు ‘వాడన్నాడు’. అల్లుడు భార్య ముందు ‘మామయ్యగారు అన్నారు’, ఫోనులో కంపెనీవాళ్లతో ‘అది నెలకెంత పడుతోంది’. కూతురు ‘అన్నారు’, ఒక్క అయిదో రంగంలో తప్ప. రిహార్సల్లో నటులు మాటలు అటూ ఇటూ మార్చుకోవడం మామూలే, మిగతా నాటికల్లో దాన్ని పట్టించుకోం కూడా. ఇక్కడ క్రియ చివరి అక్షరం మార్చడం నిషేధం. తల్లి పాత్రధారి రెండో రంగంలో అలవాటు కొద్దీ ‘ఆయన అన్నారు’ అనేస్తే అయిదో రంగం పునాది పోతుంది. ప్రాంప్టరు కాగితం మీద ఆ 38 చోట్లకి మాత్రమే ఎర్ర గీత. మిగతాది తప్పినా అందించొద్దని చెప్పాం.

నువ్వు, మీరు సంగతి కూడా ఇంతే. తండ్రి కూతుర్ని ‘తిన్నావా అమ్మా’ అంటాడు. యంత్రాల తెలుగు సొంతంగా వదిలేస్తే ‘మీరు భోజనం చేశారా’ అన్న మర్యాదలోకి జారుతుంది. మూడో రంగంలో ఒక్కసారి ‘మీరు’ పెట్టాం. కూతురు నవ్వేస్తుంది, ప్రేక్షకులూ నవ్వుతారు. ఆ నవ్వు అక్కడ అవసరం.

2వ, 3వ వారాలు: గొంతు ఎక్కడి నుంచి?

మూడు దారులు పరీక్షించాం.

ఒకటి, నిజంగానే ఒక భాషా నమూనాని, అంటే అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు అల్లే ఏఐ ప్రోగ్రామునే, వేదిక మీద నడిపించడం. నటి మైకులో మాట్లాడితే అది అక్షరాల్లోకి మారి, నమూనాకి వెళ్లి, జవాబు మళ్లీ గొంతుగా మారి రావాలి. నటి ఆగిపోయిందని యంత్రం తేల్చుకోవడానికే అర సెకను పైన పడుతుంది. హాలు వైఫైతో మొత్తం ఆలస్యం రెండు సెకన్ల నుంచి నాలుగున్నర సెకన్ల దాకా ఊగింది. ఆలస్యం కన్నా పెద్ద గొడవ, రోజుకో మాట రావడం. ఎదుటివాడి డైలాగు చివరి మాట పట్టుకునే మనవాళ్లు ఎంట్రీ ఇస్తారు. ఆ మాట రాకపోతే స్నేహితుడు సైడ్ వింగ్‌లోనే, వేదిక పక్క తెర చాటునే, నిలబడిపోతాడు. రెండు రిహార్సల్సు చేసి వదిలేశాం. ‘నిజమైన ఏఐతో’ అని పోస్టరు మీద వేసుకోవడానికి తప్ప నాటికకి అది పనికిరాదు.

రెండు, నటుడు సైడ్ వింగ్‌లో కూర్చుని మైకులో లైవుగా చెప్పడం. ఆలస్యం లేదు, నవ్వు వస్తే ఆగుతాడు, అంతా సుఖం. సుఖమే తప్పు. నటుడు ఎదుటివాళ్లకి స్పందించేస్తాడు. కూతురు గొంతు వణికితే తనూ తగ్గుతాడు. అక్కడ ఉన్నది మనిషే అని రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

మూడు, ముందే తయారు చేసుకున్న మాటల ముక్కలు, ఒక ఆపరేటరు, ఒక మీట. ఇదే ఖాయం చేశాం. వినని గొంతు కావాలి మాకు. రికార్డు చేసిన మాట ఎవరి మాటా వినదు.

4వ వారం: మాటల ముక్కలు

తండ్రి గొంతుకి అరవై దాటిన ఒక నటుణ్ణి తీసుకున్నాం. చనిపోయిన వాళ్ల గొంతుగానీ, పేరున్న వాళ్ల గొంతుగానీ నకలు చేసే ఆలోచనే పెట్టుకోలేదు. నటుడితో కాగితం మీద ఒప్పందం: గొంతు నకలు ఈ నాటికకే, ప్రతి ప్రదర్శనకీ వేషం కట్టినవాళ్లతో సమానంగా పారితోషికం, ప్రదర్శనలు ఆపేశాక నమూనా, ఫైళ్లు రెండూ ఆయన ఎదుటే చెరిపెయ్యాలి. మనిషి రాకుండా గొంతు మాత్రం వస్తుంది కాబట్టి ఇది ముందే రాసుకోకపోతే తర్వాత మనసులు కష్టపడతాయి.

రికార్డింగు అద్దె స్టూడియోలో కాదు, పడకగదిలో. నాలుగు బొంతలు తాడు మీద ఆరేసి మధ్యలో కుర్చీ. ఫ్యాను ఆపి, పక్క గదిలో ఫ్రిజ్ ప్లగ్గు తీసి, 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్‌లో 40 నిమిషాల మామూలు మాట. పేపరు చదివించకూడదు. పేపరు చదివిస్తే తయారయ్యే గొంతు కూడా వార్తలు చదువుతుంది. కూరలు బేరమాడటం, మనవడికి కథ చెప్పడం, ఫోనులో దారి చెప్పడం, ఇవి మాట్లాడించాం.

తయారైన గొంతు తెలుగులో ఎక్కడ తడబడుతుందో వివరంగా రాస్తాం, ఎవరికైనా పనికొస్తుంది.

మనం ‘వచ్చాడు’, ‘చెప్పాను’ అని రాస్తాం. కోస్తా ఇళ్లలో అలా పలకం. ఆ దీర్ఘం ‘బ్యాంకు’లో వినపడే ధ్వనికి దగ్గరగా ఉంటుంది. యంత్రం రాసింది రాసినట్టు ‘ఆ’ అంటుంది. ఒక్క మాటలో పట్టించుకోం, పది వాక్యాలు వరసగా వింటే పరాయి ఊరివాడు మాట్లాడినట్టుంటుంది. ‘చెప్ప్యాను’, ‘వచ్చ్యాడు’ అని తప్పుగా రాసి ఇస్తే చాలాచోట్ల దారికొచ్చింది. ‘చాలా’, ‘చల్లగా’లో చ వేరు, ‘చిన్న’, ‘చెయ్యి’లో చ వేరు. పాత పుస్తకాల్లో మొదటిదాని మీద గుర్తు ఉండేది, ఇప్పుడు లేదు. యంత్రానికి రెండూ ఒకటే. దీనికి మందు దొరకలేదు, ‘చాలా’ ఉన్న చోట వీలైనంత వరకు ‘బాగా’ అని స్క్రిప్టే మార్చాం. అంకెలు అంకెల్లో ఇవ్వకూడదు: ‘2.30కి రా’ అని ఇస్తే పాయింట్ అని చదివింది, ‘రెండున్నరకి రా’ అని రాయాలి. ‘తిన్నావా’లో చివరి దీర్ఘం పైకి లేవాలి. సగం సార్లు కిందకి దిగి, ప్రశ్న కాస్తా ఆరోపణ అయింది.

అన్నీ దిద్దలేదు. మొదటి రెండు రంగాల్లో దిద్దినవి, నాలుగో రంగం నుంచి దిద్దనివి వాడాం. గొంతు నెమ్మదిగా పలచబడుతున్నట్టు ఉంటుంది, కారణం ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. ఈ నాటికలో ‘సాంకేతిక లోపం’ చూపించడానికి గరగర శబ్దం ఒక్కటీ లేదు.

మొత్తం ముక్కలు 61. ఫైలు పేరులో రంగం, వరస సంఖ్య, మొదటి రెండు మాటలు: ‘3_07_తిన్నావా_అమ్మా’. ప్రతి ఫైలు ముందున్న ఖాళీ నిశ్శబ్దం కత్తిరించాలి. కొన్నింటికి ముందు 0.3 సెకన్లు, కొన్నింటికి 0.05 ఉంటే ఆపరేటరు ఎంత బాగా నొక్కినా తాళం తప్పుతుంది. ముక్కల్ని వరసగా మీట నొక్కి వినిపించే క్యూలాబ్ అనే సాఫ్ట్‌వేరులో నడిపాం. అది మ్యాక్ మీదే పనిచేస్తుంది, ఉచిత రూపంలో రెండు చానళ్లు వస్తాయి, మాకు రెండే కావాలి. మ్యాక్ లేనివాళ్లకి లినక్స్ షో ప్లేయర్ ఉంది, ఉచితం.

5వ వారం: ఆగడం

ఈ వారం మొత్తం నిశ్శబ్దాన్ని కొలవడంతోనే సరిపోయింది. వృథా పోలేదు.

మనుషుల మాటల్లో ఒకరు ఆపిన తర్వాత ఇంకొకరు అందుకునే లోపు సందు చాలా చిన్నది. పది భాషల్లో కొలిచిన 2009 నాటి పరిశోధనలో సగటు సెకనులో అయిదో వంతు దగ్గర తేలింది. తెలుగు ఆ పదింటిలో లేదు. మా తల్లీకూతుళ్ల రంగం రికార్డు చేసి, ఆడాసిటీ అనే శబ్దం దిద్దే సాఫ్ట్‌వేరులో తరంగం పెద్దది చేసి చూస్తే మావీ అంతే, సగం చోట్ల ఒకరి తోక మీద ఒకరు ఎక్కుతున్నారు కూడా.

ఆపరేటరు చివరి మాట విని మీట నొక్కితే ఎంత చురుకైనవాడైనా 0.4 సెకన్లు పోతాయి. అందుకని మొదటి రంగంలో విని నొక్కకూడదు. చివరి మాట మొదలవుతుండగా నొక్కాలి. ఆపరేటరు స్క్రిప్టులో ప్రతి క్యూ (మీట నొక్కాల్సిన చోటు) దగ్గరా చివరి మాట మొదటి అక్షరం చుట్టూ గుండ్రం గీశాం. ‘మాత్ర వేసుకున్నారా’ అని కూతురు అంటుంటే ‘వే’ దగ్గర వేలు పడాలి. మ్యూజిక్ ఆపరేటర్లకి ఇది కొత్త కాదు, పద్యం ఎత్తుగడ పట్టుకునే హార్మోనియం వాయిద్యగాడి పనే ఇది. రెండు రోజుల్లో వచ్చేసింది.

నాలుగో రంగంలో యంత్రంగా అనిపించాలి. ఆలస్యం పెంచితే చాలనుకున్నాం: 1 సెకను, 1.5, 2 దాకా వెళ్లాం. రెండు సెకన్లకి నాటిక చచ్చిపోయింది, గొంతు మాత్రం ఇంకా మనిషే, ఏదో ఆలోచిస్తున్న ముసలాయన. పైగా ఆయనకి గౌరవం పెరిగింది.

అసలు కిటుకు అనుకోకుండా దొరికింది. ఆపరేటరు రాని రోజు చేతితో నొక్కే బదులు ప్రతి ముక్కకీ ముందు 1.1 సెకన్ల ప్రీ వెయిట్ (మీట నొక్కాక మాట వచ్చే లోపు ఆగే సమయం) పెట్టి, నటుల మాట పూర్తయిన క్షణాన వేరే ఒకరు నొక్కారు. స్నేహితుడి జోకుకి 1.1, కూతురి ఏడుపుకి 1.1, ‘కాఫీ తాగుతారా’కి 1.1. అయిదారు జవాబులు అయ్యేసరికి రిహార్సల్ చూస్తున్నవాళ్లు కుర్చీలో కదిలారు. నాటిక తెలియనివాళ్లకి వినిపించి చూశాం. ఆలస్యాన్ని క్షమించారు, ఒకే కొలతని క్షమించలేదు. మనిషి తేలిక ప్రశ్నకి గబుక్కున, కష్టమైనదానికి తటపటాయించి చెబుతాడు. అన్నింటికీ ఒకే సందు ఇచ్చేవాడు వింటున్నట్టు కాదు.

ఖాయమైన కొలతలు: ఒకటో రంగం చేతితో, 0 నుంచి 0.4. రెండు, మూడు రంగాలు చేతితోనే, కాస్త నిదానంగా. నాలుగో రంగం నుంచి ప్రీ వెయిట్ 1.1 స్థిరం. నటులకి మాత్రం ఒక హెచ్చరిక: ఆ 1.1లో ఖాళీగా నిలబడి ఎదురుచూడొద్దు. నటులు చూస్తుండగానే ఆ సందుకి అలవాటుపడి, దాని ప్రకారం ఊపిరి పీల్చడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఒకే తాళంలో పడితే మొత్తం రంగం పాఠం అప్పజెప్పినట్టవుతుంది. తల్లి ఆ రంగంలో బియ్యం ఏరుతూ ఉండటం ఇందుకే పెట్టాం. చేతుల తాళం వేరు, డబ్బా తాళం వేరు.

6వ వారం: డబ్బాలోంచి రావాలి

350 సీట్ల హాలు. స్టూలు మీద డబ్బాలో నాలుగంగుళాల స్పీకరు, కుర్చీ కింద చిన్న యాంప్లిఫయరు. ఆరో వరస దాకా వినపడింది. హాలు పెద్ద స్పీకర్లలో కూడా వేస్తే అందరికీ వినపడింది, కానీ నాన్న డబ్బాలోంచి లేచి గోడలెక్కాడు. దేవుడి గొంతయిపోయింది.

ఒకే శబ్దం రెండు చోట్ల నుంచి వస్తే చెవి ముందు చేరినదాన్నే మూలంగా తీసుకుంటుంది. రెండోది 30 మిల్లీసెకన్ల లోపు వస్తే, కొంత గట్టిగా ఉన్నా, మొదటిదానిలోనే కలిపేసుకుంటుంది. డబ్బా పెద్ద స్పీకర్ల కన్నా 4 మీటర్లు వెనక ఉంది. శబ్దానికి మీటరుకి దాదాపు 2.9 మిల్లీసెకన్లు, అంటే 11.6. దానికి ఇంకో 8 కలిపి పెద్ద స్పీకర్లని 20 మిల్లీసెకన్లు వెనక్కి జరిపాం. డిజిటల్ మిక్సరు ఉంటే ఒక బటను పని. మాకు లేదు, అందుకని ప్రతి ఫైలునీ స్టీరియో చేసి ఎడమ చానల్ డబ్బాకి, కుడి చానల్ పెద్ద స్పీకర్లకి ఇచ్చి, కుడిదాని ముందు ఆడాసిటీలో 20 మిల్లీసెకన్ల నిశ్శబ్దం అతికించాం. ఈ లెక్క మధ్య సీట్లకి బాగా పనిచేసింది. మొదటి రెండు వరసల్లో పక్క సీట్లకి పెద్ద స్పీకరు నెత్తి మీదే ఉంటుంది కాబట్టి పనిచేయలేదు. దాన్ని కొంచెం పైకి తిప్పి, ఆ సీట్లు వదిలేశాం.

మొదట బ్లూటూత్ స్పీకరు పెట్టాం, తీగ కనపడకుండా ఉంటుందని. పెట్టకండి. ఆలస్యం దగ్గరదగ్గర 200 మిల్లీసెకన్లు, పై లెక్కంతా గంగలో కలుస్తుంది. అంతకన్నా ఘోరం, పది పదిహేను నిమిషాలు శబ్దం లేకపోతే చాలా స్పీకర్లు వాటంతటవే నిద్రపోతాయి. మూడో రంగంలో పన్నెండు నిమిషాలు డబ్బా మాట్లాడదు. తర్వాత లేవలేదు.

వేలాడే మైకులతో ఇంకో చిక్కు. మన హాళ్లలో నటుల తల మీద రెండు మూడు మైకులు వేలాడుతుంటాయి. డబ్బా గొంతు వాటిలోకి వెళ్లి, స్పీకర్లలోంచి తిరిగి వచ్చి, గీ అని అరిచింది. డబ్బా ఉన్న వైపు మైకుని మీటరున్నర జరిపి, దాని వాల్యూము తగ్గించి, డబ్బా ముఖం ప్రేక్షకుల వైపు కాకుండా కొద్దిగా నేల వైపు వంచాం. పదును తగ్గింది, అరుపు పోయింది.

లాప్‌టాప్ చార్జరు పెట్టినప్పుడల్లా బొయ్యిమన్న మోత: లైట్ల డిమ్మర్లూ సౌండూ ఒకే ఫేజు మీద ఉండటం ఒక కారణం, ఎర్త్ రెండు దారుల్లో తిరగడం ఇంకోటి. సౌండుకి వేరే ఫేజు అడిగి తీసుకున్నాం, లాప్‌టాప్‌కీ మిక్సరుకీ మధ్యలో డీఐ బాక్సు అనే చిన్న పెట్టె పెట్టి దాని గ్రౌండ్ లిఫ్ట్ (సౌండు తీగలో ఎర్త్‌ని విడదీసే మీట) నొక్కాం. ఎర్త్ పిన్ను పీకేస్తే మోత పోతుందని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి హాల్లో ఒకరుంటారు. పోతుంది, తర్వాత మనిషి కూడా పోతాడు.

మోత పోయినా డబ్బాలో సన్నటి ‘స్స్స్’ మిగిలింది. యాంప్లిఫయరు తగ్గిస్తే మాట తగ్గుతోంది. ఈ వారానికి అలాగే వదిలేశాం.

7వ వారం: నీడ

ఆరో రంగంలో కూతురు కలలో తండ్రి కనపడాలి. వీడియో ప్రొజెక్షన్ వద్దనుకున్నాం. కదిలే ముఖం చూపించిన క్షణం నుంచి ప్రేక్షకుడు పెదాలూ మాటా కలుస్తున్నాయా లేదా అనే చూస్తాడు. తోలుబొమ్మలాట పద్ధతికి వెళ్లాం: తెల్ల తెర, వెనక దీపం, మధ్యలో మనిషి. తోలుబొమ్మలకి పేరున్న నిమ్మలకుంట ఊరి బొమ్మలు తెరకి ఆనించి ఆడిస్తారు కాబట్టి రంగులు, గీతలు స్పష్టంగా పడతాయి. మనిషిని తెరకి దూరంగా నిలబెడితే లెక్క వేరు.

తెర 3.6 మీటర్ల ఎత్తు, ఉతికి తడి మీదే బిగించి కట్టిన మల్లు గుడ్డ. దీపం తెరకి 4 మీటర్ల వెనక, నేల మీద. నీడ ఎంత పెరుగుతుందో తేలికగా చెప్పొచ్చు: దీపం నుంచి తెర దూరాన్ని దీపం నుంచి మనిషి దూరంతో భాగించాలి. మనిషి తెరకి మీటరు దూరంలో ఉంటే 4/3, అంటే 1.7 మీటర్ల నటుడి నీడ 2.3 మీటర్లు. దీపానికి రెండు మీటర్లలో ఉంటే 3.4, తెర నిండిపోతుంది. మీటరులోకి వస్తే 6.8, కాళ్లు తప్ప ఏమీ కనపడవు. నేల మీద తెర నుంచి 1, 1.5, 2 మీటర్ల దగ్గర టేపు అంటించి అంతకు మించి వెనక్కి వెళ్లొద్దన్నాం.

నీడ అంచు పదును దీపం సైజుని బట్టి ఉంటుంది. వేదిక మీద వాడే మామూలు పార్ లైటు (వెడల్పు ముఖం ఉన్న దీపం) పెడితే అంచు పది సెంటీమీటర్లు మసకబారి, నాన్న మబ్బులా ఉన్నాడు. లెన్సు తీసేసిన సెంటీమీటరు ఎల్‌ఈడీ ముక్క, వెనక అల్యూమినియం ప్లేటు, చిన్న ఫ్యాను: రెండు మీటర్ల దగ్గర అంచు సెంటీమీటరు మసకే. చేతి వేళ్లు విడివిడిగా కనపడ్డాయి. ఫ్యాను శబ్దం వినపడుతోందని తీసేస్తే ఆరు నిమిషాల్లో ప్లేటు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఫ్యాను మళ్లీ పెట్టాం, పెద్దది, నెమ్మదిగా తిరిగేది.

నీడ పెదాలు కదపకూడదు. గొంతు వస్తుంటే నీడ చదరంగం బల్ల మీద ఒక పావు జరుపుతుంది, అంతే.

8వ వారం: టెక్నికల్ రిహార్సల్

ఆపరేటరు చేయాల్సినవి గోడ మీద అంటించాం: లాప్‌టాప్ నిద్రపోకుండా పెట్టు, వైఫై ఆపు, నోటిఫికేషన్లు ఆపు, అప్‌డేట్లు వాయిదా, ఫోను వేరే గదిలో. క్యూలాబ్‌లో రెండోసారి పొరపాటున నొక్కినా పట్టించుకోకుండా ఉండే అమరిక ఉంది, అర సెకనుకి పెట్టాం. అది లేనప్పుడు ఇద్దరు నాన్నలు ఒకేసారి మాట్లాడారు.

మిక్సరు, డబ్బా యాంప్లిఫయరు 600 వీఏ యూపీఎస్ మీద. పెద్ద స్పీకర్లు జనరేటరు మీద.

గొంతు రాకపోతే ఏం చేయాలో ప్రతి రంగానికీ ఒక అత్యవసర డైలాగు రాసిచ్చాం. నాలుగో రంగంలో స్నేహితుడిది: ‘ఏరా, ఎత్తు తోచడం లేదా?’ చదరంగం బల్ల ఉండబట్టి ఇది ఎక్కడైనా అతుకుతుంది.

9వ వారం: మొదటి ప్రదర్శన

నవ్వులు లెక్కలో లేవు. ‘మీరు భోజనం చేశారా’కి వచ్చిన నవ్వు అయిదు సెకన్లు నిలిచింది. ఆ ముక్కలో దాని తర్వాత ఇంకో రెండు వాక్యాలున్నాయి, నవ్వులో కొట్టుకుపోయాయి. వాటిలో ఒకటి తర్వాతి ఎంట్రీ క్యూ. అల్లుడు ఆలస్యంగా వచ్చాడు.

రెండో నవ్వు మీద ఆశ పెట్టుకున్న చోట, స్నేహితుడు పాత బాకీ సంగతి ఎత్తే చోట, ఒక్కరూ నవ్వలేదు. నటుడు ఎదురుచూసి ఆగాడు, ఖాళీ పడింది.

మూడో రంగం చివర కరెంటు పోయింది. హాలంతా చీకటి, పెద్ద స్పీకర్లు మూగ. యూపీఎస్ మీద ఉన్న డబ్బా మాత్రం ‘లైటెయ్యమ్మా, కళ్లు కనపడటం లేదు’ అంది. అది స్క్రిప్టులో ఉన్న మాటే, తర్వాతి క్యూ, ఆపరేటరు అలవాటుగా నొక్కేశాడు. హాల్లో ఒక్క చప్పుడు లేదు. తొమ్మిది సెకన్లకి జనరేటరు అందుకుంది. దీన్ని నాటికలో ఖాయంగా పెట్టేద్దామని ఆ రాత్రే మాట వచ్చింది. పెట్టలేదు. చీకట్లో మాట్లాడే డబ్బా దయ్యం కథకి బాగుంటుంది. ఇక్కడ ఆ మాట విన్న తల్లి బియ్యం ఏరడం ఆపి స్విచ్చు వైపు చూడటం కనపడాలి.

10వ వారం: రెండో ప్రదర్శనకి మార్పులు

నవ్వు వచ్చే ప్రతి వాక్యం దగ్గరా ముక్కని రెండుగా కోశాం. 61 కాస్తా 94 అయ్యాయి. నాలుగో రంగం తర్వాత మాత్రం కోయలేదు. అక్కడ నవ్వు వచ్చినా గొంతు ఆగదు, నవ్వు మీద నుంచే మాట్లాడేస్తుంది. మొదటి ప్రదర్శనలో తప్పుగా అనిపించినదే అక్కడ సరైనది.

‘పొద్దున కూడా ఇదే అంది నాన్న’ అన్న వాక్యం మొదటి రాత్రి సగం మందికే అందింది. కూతురు పాత్రధారి ‘అంది’ని ఒత్తి పలికింది, ముఖ్యమని తెలుసు కాబట్టి. ఒత్తితే నటి పొరపాటు పడి సర్దుకుంటోందేమో అనిపిస్తుంది. రెండో రాత్రికి మాటని మామూలుగా వదిలేసి, కత్తిపీట మీద వంకాయ తరిగే చెయ్యి కూడా ఆపొద్దన్నాం. తల్లి మాత్రం తల ఎత్తుతుంది. చూపు ఆవిడదే, మాట కూతురిది. ఈసారి హాలు పట్టుకుంది.

ముగింపు కూడా మారింది. మొదట కూతురు డబ్బా ప్లగ్గు తీస్తే వయొలిన్ వచ్చేది. వయొలిన్ తీసేశాం. ఆరో వారంలో వదిలేసిన ‘స్స్స్’ ఉంది కదా, దాన్ని పోగొట్టే బదులు కొంచెం పెంచాం. ఒకటో రంగం తెర లేచిన దగ్గర్నుంచీ డబ్బాలో పింక్ నాయిస్ (వాన హోరులాంటి సన్నటి శబ్దం) లూపు, మాట కన్నా 35 డెసిబెల్స్ కింద, ఎడమ చానల్‌లో మాత్రమే. అయిదు నిమిషాల తర్వాత ఎవరి చెవీ దాన్ని పట్టించుకోదు. ప్లగ్గు తీసినప్పుడు అది తటాలున ఆగాలి, ఫేడ్ అవుట్ ఉండకూడదు. చివరి క్యూ: స్టాప్, 0 సెకన్లు. దాని తర్వాత రెండు సెకన్లు లైటు కదలకూడదు, మూడో సెకనులో తెర. లైటు ఆపరేటరు నిన్న ఒకటిన్నర సెకనుకే ఆర్పేశాడు, రేపు సాయంత్రం ఆ ఒక్కటే మళ్లీ చేస్తాం.